బతికే ఉంది కదా అంటే సరిపోదు

ఇంటికి తాబేలు వచ్చిందని తెలియగానే చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ ఓ సలహా పారేసి వెళ్తారు. వాటిలో తరచూ వినిపించేది, వినగానే నాకు ఒళ్లు మండేది ఒకటుంది. "దానికేముంది, ఓ గిన్నెలో కాసిని నీళ్లు పోసి వదిలెయ్. మా ఇంట్లోది అలాగే నాలుగేళ్లు బతికింది." వాళ్లేం కోతలు కోయడం లేదు, నిజంగానే బతికి ఉంటుంది. కాకపోతే సవ్యంగా చూసుకుంటే అదే తాబేలు 20, 30 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన అది నాలుగేళ్లు బతికిందనడం కన్నా, చావడానికి నాలుగేళ్లు పట్టిందనడం న్యాయం.

నా గొడవంతా ఈ మాట మీదే. తాబేలును పెంచడం నేర్చుకునేవాళ్లను తప్పుదోవ పట్టించేది తెలియనితనం ఒక్కటే కాదు. తాబేలు ఒంటి తీరే మనల్ని మోసం చేస్తుంది. చేపల తొట్టెలో నీళ్లు పాడైతే తెల్లారేసరికి చేపలు పైకి తేలతాయి, ఏదో తేడా చేసిందని మనకు అప్పుడే తెలుస్తుంది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చుకునే జీవి. అవే నీళ్లలో ముక్కు పైకి పెట్టి నెలల తరబడి నెట్టుకొస్తుంది. ఒంట్లో వేడిని తానుగా పుట్టించుకోలేదు కాబట్టి అరుగుదల, పెరుగుదల అన్నీ నిదానమే, జబ్బు ముదరడం కూడా నిదానమే. మూలగదు, అరవదు. తిండి వేస్తే వచ్చి తింటుంది. మనం "భేషుగ్గా ఉంది" అనుకుంటాం. ఈలోగా లోపల ఎముకల్లో కాల్షియం తరిగిపోతూ ఉంటుంది.

మా దగ్గరికి వచ్చినది రెడ్ ఇయర్డ్ స్లైడర్, అంటే కళ్ల వెనక ఎర్రటి చార ఉండే నీటి తాబేలు. దీని సొంత గడ్డ అమెరికాలోని మిసిసిపీ నదీ పరివాహక ప్రాంతం. ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే పెంపుడు తాబేలు ఇదే. ఇల్లు మారుతున్న తెలిసినవాళ్లు ఇచ్చారు, దాంతోపాటు ఓ ప్లాస్టిక్ గిన్నె, గిన్నె మధ్యలో ఓ ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు కూడా. అప్పటికి అరచేయంత ఉంది. పిల్లలు కూర్మారావు అని పేరు పెట్టేశారు. ఈ రకం తాబేళ్లలో ఆడా మగా తేలేది గుడ్డు పొదిగే వేడిని బట్టి. గుడ్లున్న చోట కాస్త చల్లగా ఉంటే మగవి, వేడెక్కువైతే ఆడవి పుడతాయి. పుట్టాక ఏదేదో బయటికి తెలియాలంటే అది ఓ పది సెంటీమీటర్లయినా పెరగాలి. ముందు కాళ్ల గోళ్లు బాగా పొడవుగా సాగితే మగది. కాబట్టి కూర్మారావు కాస్తా కూర్మావతి అయ్యే అవకాశం అప్పటికి ఉండనే ఉంది.

మొదటి రోజున దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు డిప్ప అంచు బొటనవేలి కింద కొద్దిగా వంగింది. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లకైతే అలా ఉండొచ్చు, అరచేయంత తాబేలుకు ఉండకూడదు. సరీసృపాలను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి చూపించారు. తెల్లగా, గట్టిగా కనబడాల్సిన ఎముకలు పొగమంచులో ఉన్నట్టు మసగ్గా ఉన్నాయి. అయినా ఆ రోజు పొద్దున అది ఆవురావురుమంటూ తిండి తినే వచ్చింది.

డిప్ప అంటే తాబేలు వేసుకున్న చొక్కా అన్నట్టు మాట్లాడతారు చాలామంది. పక్కటెముకలూ వెన్నెముకా కలిసిపోయి ఏర్పడిన ఎముకల గూడు అది. పైన మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే చేసిన పలకలుంటాయి. కింద రక్తం పారుతుంది, నరాలుంటాయి, తాకితే దానికి తెలుస్తుంది. అందుకే డిప్ప మీద రంగులు వేయడం, బెజ్జం పెట్టి దారం కట్టడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. డిప్ప మెత్తబడిందంటే ఎముకలు మెత్తబడ్డాయనే అర్థం.

ఇక అసలు విషయానికొస్తే, అంటే వెలుతురుకి. గిన్నెలో పెంచేవాళ్లకు ఎవరూ చెప్పనిది ఇదే. సూర్యకాంతిలో 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే యూవీబీ (అతినీలలోహిత) కిరణాలు చర్మం మీద పడితే, అక్కడి కొవ్వు పదార్థం ఒకటి విటమిన్ డి3కి ముందు రూపంగా మారుతుంది. అది పూర్తి డి3 కావడానికి వేడి కావాలి. ఆ డి3 కాలేయంలో, మూత్రపిండాల్లో మరో రెండు మార్పులు చెందితే తప్ప పేగులు తిండిలోని కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోలేవు. ఈ వరసలో ఎక్కడ తెగినా మీరెంత కాల్షియం పెట్టినా వృథా. అప్పుడు శరీరం తనకు కావాల్సింది ఎముకల్లోంచే లాక్కుంటుంది.

"మా కిటికీ దగ్గర బోలెడంత ఎండ పడుతుంది" అంటారు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది. అద్దం దాటి వచ్చేది వెలుగూ వేడీ మాత్రమే. అందులోనూ గాజు తొట్టెను నేరుగా ఎండలో పెడితే నీళ్లు సలసల కాగకపోయినా తాబేలు ప్రాణం పోయేంత వేడెక్కుతాయి. మామూలు ఎల్‌ఈడీ బల్బుల్లో యూవీబీ ఉండదు. సరీసృపాల కోసం చేసిన యూవీబీ దీపం కొనాల్సిందే. దాని డబ్బా మీద రాసిన దూరంలోనే, మధ్యలో గాజూ ప్లాస్టిక్కూ అడ్డం లేకుండా బిగించాలి. వేడినిచ్చే బల్బు వెలుగు కూడా, తాబేలు ఎక్కి ఎండ కాచుకునే అదే గట్టు మీద పడాలి, ఎందుకంటే పైన చెప్పిన వరసలో యూవీబీ తరవాత మెట్టు వేడే. రెండు దీపాలూ తొట్టెకు చెరో చివర పెట్టిన ఏర్పాట్లు చూశాను. చూడటానికి అందంగా ఉంటుంది, తాబేలుకు మాత్రం సగం మేలే.

ఈ దీపంతో ఇంకో తంటా ఉంది. యూవీబీ బల్బు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బలహీనపడుతుంది, కానీ వెలుగుతూనే ఉంటుంది. మన కంటికి తేడా తెలియదు. తాబేలు కూడా అలవాటు ప్రకారం రోజూ ఎక్కి దాని కింద పడుకుంటుంది. చూసేవాళ్లకు అంతా సవ్యంగానే ఉంటుంది. అందుకే కొత్త బల్బు బిగించిన తారీకు దాని హోల్డరు మీదే రాసిపెడుతున్నాను. తాబేలు విషయంలో మన కళ్లను నమ్మడానికి లేదని నాకు ఖాయంగా తెలిసింది ఈ బల్బు దగ్గరే.

మరి దేన్ని నమ్మాలి? థర్మామీటరును. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, పిల్ల తాబేళ్లకు మరో డిగ్రీ ఎక్కువైనా మంచిదే. ఎండ కాచుకునే గట్టు మీద 32 నుంచి 35 దాకా ఉండాలి. ఈ తేడా ముఖ్యం. వేడెక్కాలనుకుంటే ఎక్కుతుంది, చాలనుకుంటే నీళ్లలోకి దూకుతుంది. తన ఒంటి వేడి, తన అరుగుదల తనే సర్దుకునే వీలు దానికి ఇవ్వాలి. నీళ్లు మరీ చల్లబడితే తిన్నది అరగక కడుపులోనే కుళ్లుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకుంటుంది. గట్టు పూర్తిగా పొడిగా ఉండాలి, పొట్ట భాగంతో సహా ఆరాలి. ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు కింది దిబ్బ మీద ఇవేవీ కుదరవని వేరే చెప్పక్కర్లేదు.

నీళ్ల సంగతి దీనికన్నా పెద్దది. స్లైడర్ నీళ్లలోనే తింటుంది, నాలుకను కదిలించలేదు కాబట్టి ముద్ద మింగడానికి నీళ్ల సాయం కావాలి. తిన్నచోటే విసర్జిస్తుంది. తినేటప్పుడు ముక్కలు ముక్కలుగా చించి సగం తొట్టెలోకి వదిలేస్తుంది. ఈ చెత్తంతా కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌కు విషం తక్కువ, వారం వారం కొంత నీళ్లు మారిస్తే పోతుంది. ఫిల్టర్ పని చెత్త పట్టడం మాత్రమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ బ్యాక్టీరియా కాపురం ఉండేది అందులోని స్పాంజీలో, రాళ్లలోనే. కొత్త ఫిల్టర్‌లో అవి కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ లోగా నీళ్లు త్వరత్వరగా మారుస్తూ ఉండాలి. స్పాంజీ మురికి పట్టిందని కుళాయి కింద పెట్టి శుభ్రంగా తోమితే, కుళాయి నీళ్లలోని క్లోరిన్ దెబ్బకు ఆ కాపురమంతా చెదిరిపోతుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే ముంచి పిండి మళ్లీ పెట్టేయాలి. తాబేలు చేపకన్నా ఎన్నోరెట్లు చెత్త చేస్తుంది కాబట్టి తొట్టెలోని నీళ్లకు రెండు మూడు రెట్లు సరిపోయే ఫిల్టర్ కొనాలి.

నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన మంచివి కావు. అమ్మోనియాకు రంగు లేదు. చుక్కల మందు వేసి రంగు చూసే పరీక్ష కిట్టు ఒకటి ఇంట్లో ఉండాలి.

తొట్టె ఎంతుండాలంటే, డిప్ప పొడవులో ప్రతి అంగుళానికి దాదాపు 40 లీటర్లని పెంచేవాళ్ల లెక్క. పుట్టినప్పుడు మూడు సెంటీమీటర్లుండే ఈ తాబేలు, ఆడదైతే 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మగది అంతకన్నా చిన్నది. పది అంగుళాల తాబేలుకు 400 లీటర్లు, అంటే నీళ్ల బరువే 400 కిలోలు. అది ఇంట్లో ఎక్కడ పెడతారో తాబేలు అరచేతిలో ఉన్నప్పుడే ఆలోచించాలి. "తొట్టెను బట్టి తాబేలు పెరుగుతుంది" అనే మాట మాత్రం దయచేసి ఎవరికీ చెప్పకండి. చిన్న తొట్టెలో తాబేలు చిన్నగా మిగలదు, వంకరపోతుంది, లేదా పెరగకుండానే పోతుంది. నీళ్ల లోతు తక్కువుంటే క్షేమమన్నదీ ఇలాంటి భ్రమే. ఇది బాగా ఈదే తాబేలు. లోతు తక్కువైతే వెల్లకిలా పడ్డప్పుడు తిరగబడలేక అవస్థ పడుతుంది. అడుగున చిన్న గులకరాళ్లు పోయొద్దు, మింగేస్తుంది. ఉత్త గాజు అడుగే మేలు, ఊడ్చుకోవడమూ తేలిక.

తిండి విషయంలో నాకు తక్కువ బెంగ. ఎక్కువమంది తప్పు చేసేది ఎక్కువ పెట్టడంలోనే. మంచి పెల్లెట్లు, అంటే తాబేళ్ల కోసం చేసిన తిండి గుళికలు, దాని తలకాయ ఎంతుందో అంత కొలత. పిల్ల తాబేళ్లకు రోజూ, పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి. చిన్నప్పుడు మాంసాహారం ఎక్కువ కావాలి, వయసు పెరిగేకొద్దీ ఆకుల వైపు మళ్లించాలి. పాలకూరలో ఉండే ఆగ్జలేట్లనే పదార్థాలు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, కాబట్టి రోజూ వద్దు. సముద్రపు నురుగని పిలిచే కటిల్‌ఫిష్ ఎముక ముక్క ఒకటి తొట్టెలో పడేస్తే కావాల్సినప్పుడు కొరుక్కుంటుంది. ఎండురొయ్యలు మాత్రం చిరుతిండే. వాటి మీదే పెంచితే విటమిన్ ఏ చాలక కళ్లు వాచి మూసుకుపోతాయి, కళ్లు కనబడక తిండి మానేస్తుంది. అలాగని ఎవరో చెప్పారని విటమిన్ ఏ మందు ఇంట్లో వేసేయకూడదు, మోతాదు మించితే చర్మం ఊడివస్తుంది. అది డాక్టరు పని.

అది తినడం చూస్తూ కూర్చుంటే పొద్దే తెలియదు. ఆకు అంచును నోట కరచుకుని, ముందు కాలి గోళ్లతో దాన్ని వెనక్కి తోసి, మెడను ఒక్కసారిగా లాక్కుని చీలుస్తుంది. చీలిన ముక్క నీళ్లలో జారిపోతే ఓ క్షణం ఆగుతుంది. గొంతు కింది చర్మం లోపలికీ బయటికీ ఆడుతుంది, నీటిలోని వాసన పట్టడానికి. అప్పుడు తల తిప్పి ముక్క ఎటు పోయిందో అటే వెళ్తుంది. ఎండ కాచుకునేటప్పుడు వెనక కాళ్లు రెండూ పూర్తిగా చాపి, వేళ్ల మధ్య పొర సాగేలా విడదీసి, కళ్లు మూసుకుంటుంది. కొన్నాళ్లకు డిప్ప పలకల మీదినుంచి పల్చని పొరలు అభ్రకం రేకుల్లా లేచి ఊడిపడ్డాయి. పెరుగుతోందనడానికి అది గుర్తు. లేస్తున్న పొరను గోటితో లాగాలని వేళ్లు పీకుతాయి, లాగకూడదు.

ముద్దు చేయడం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. నేల మీద నుంచి గాల్లోకి లేపితే తాబేలుకు అర్థమయ్యేది ఒక్కటే, తననేదో తినబోతోందని. కాళ్లు కొట్టుకుంటుంది, గోళ్లతో గీరుతుంది, ఒక్కోసారి ఒంటి మీదే మూత్రం పోస్తుంది. బరువు తూయడానికీ, ఒళ్లు పరీక్షించడానికీ తప్ప ఎత్తుకోనక్కర్లేదు. ఎత్తుకోకపోయినా మచ్చిక అవుతుంది. తిండి పెట్టే మనిషి గదిలోకి రాగానే గాజు దగ్గరికి ఈదుకొచ్చి కాళ్లాడిస్తుంది. అది ప్రేమా ఆకలా అని అడిగేవాళ్లకు, ఆకలే అంటాను. నాకు అదీ చాలు.

పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆరోగ్యంగా ఉన్న తాబేలు కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియాను మోస్తూ ఉండొచ్చు, పైకేమీ తెలియదు. చిన్నపిల్లలు బుల్లి తాబేళ్లను నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే, డిప్ప నాలుగు అంగుళాలకన్నా చిన్నగా ఉన్నవాటిని అమ్మకూడదని అమెరికాలో 1975లోనే నిషేధం పెట్టారు. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త కావాలి. తొట్టె సామాన్లు వంటగది సింకులో కడగొద్దు.

జబ్బు సంగతికొస్తే, మా కొత్త అలవాటు వారానికోసారి బరువు తూచి రాసుకోవడం. ఎదిగే తాబేలు బరువు నెల నెలా పెరగాలి. ఆగిపోయినా, తగ్గినా, తిండి తింటున్నా సరే, ఏదో ఉందని. నీళ్లలో ఒక పక్కకు ఒరిగి ఈదుతుంటే ఓ ఊపిరితిత్తి నిండి ఉండొచ్చు. ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి మెడ చాచి ఊపిరి తీయడం, డిప్ప మీద కంపు కొట్టే మెత్తటి మచ్చలు, ఇవేవీ రేపటికి వాయిదా వేసేవి కావు. తాబేలులో జబ్బు మన కంటికి కనబడిందంటే అది ఎప్పుడో మొదలైందన్నమాట. ఇంకొకటి, ఆడ తాబేలు మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి మట్టో ఇసుకో ఉన్న పెట్టె లేకపోతే గుడ్లు లోపలే ఆపుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. గిన్నె సలహా ఇచ్చినవాళ్లెవరూ ఈ మాట చెప్పలేదు.

వీటన్నిటితో విసుగొచ్చి కొందరు చేసే పని ఒకటుంది. చెరువులో వదిలేస్తారు, దానికి స్వేచ్ఛ ఇచ్చామనుకుంటూ. ప్రపంచంలో అతి హానికరమైన 100 దండయాత్ర జాతుల (బయటినుంచి వచ్చి స్థానిక జీవులను దెబ్బతీసేవాటి) జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ ఈ తాబేలును చేర్చింది ఇలా వదిలేసినవాటి వల్లే. స్థానిక తాబేళ్ల ఎండ దిబ్బలను, తిండిని ఆక్రమిస్తుంది, జబ్బులు అంటిస్తుంది. యూరోపియన్ యూనియన్ 1997లో దిగుమతి ఆపింది, 2016లో దండయాత్ర జాతిగా ప్రకటించింది. జపాన్ 2023 జూన్ నుంచి అమ్మకాన్నీ బయట వదలడాన్నీ నిషేధించింది. ఇంట్లో ఉన్నవాటిని ఉంచుకోవచ్చంది, లేదంటే జనం భయపడి ఒక్కసారిగా అన్నిటినీ చెరువుల్లో పారేస్తారని. చట్టం రాసినవాళ్లు మనుషుల్ని బాగానే చదివారు. మీరున్న చోట ఏ తాబేలును ఉంచుకోవచ్చో, ఏది నేరమో కొనేముందే కనుక్కోండి. చాలా దేశాల్లో స్థానిక తాబేళ్లు రక్షిత జాతులే.

ఇంత తతంగమైతే ఎవరు పెంచుతారని అడిగితే, తక్కువమందే పెంచాలన్నది నా వాదన. దుకాణంలో కదిలే బొమ్మలా కనిపించే పిల్లను కొనడం అన్నిటికన్నా చెడ్డ మొదలు. అంతగా ఇష్టముంటే, వదిలించుకోవాలని చూస్తున్నవాళ్ల దగ్గర పెద్ద మగ తాబేలును తీసుకోండి. అది ఇంకా పెరిగేది తక్కువ, గుడ్ల బెడద లేదు, తొట్టె కొలత ముందే తెలుస్తుంది. తీసుకునే ముందు ఎంత తింటుందని అడగొద్దు, ఎలాంటి స్థితిలో ఉన్నా తింటూనే ఉంటుంది. నీళ్ల వేడి ఎంతుంచారు, ఫిల్టర్ ఏది, యూవీబీ బల్బు చివరిసారి ఎప్పుడు మార్చారు, ఈ మూడూ అడగండి. గుర్తులేదన్నారంటే తెచ్చుకున్న రోజే కొత్త బల్బు బిగించి, ఆ వారంలోనే ఎక్స్‌రే తీయించండి.